పశువ్యాధుల సమాచారం - రైతు సంకోచం: తెలుగు జిల్లాల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

పశువుకు అంటురోగం సోకిందన్న అనుమానం కలిగినా రైతు ఆ విషయాన్ని అధికారులకు తెలపడానికి వెనుకాడతాడు. ఈ సంకోచానికి అజ్ఞానాన్ని, మూఢవిశ్వాసాన్ని కారణాలుగా చూపడం పరిపాటి. 1866 నాటి మద్రాసు పశువ్యాధుల చట్టం మొదలుకొని రిండర్‌పెస్టు నిర్మూలన వరకు సాగిన చరిత్రను తెలుగు జిల్లాల గ్రామవ్యవస్థ నేపథ్యంలో పరిశీలిస్తే భిన్నమైన అంశం బోధపడుతుంది. రోగాన్ని బయటపెట్టడం గ్రామానికి కొత్త కాదు. బయటపెట్టిన తర్వాత నష్టం ఎవరిమీద పడుతుందన్న లెక్కే రైతు మాటను, మౌనాన్ని నిర్ణయించింది. ఈ విషయాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పశుమారి, రిండర్‌పెస్టు, మద్రాసు ప్రెసిడెన్సీ, గ్రామోద్యోగులు, గ్రామదేవతలు, నష్టపరిహారం, టీకా.

1. ఉపోద్ఘాతం:

తెలుగు రైతు జీవితంలో పశువు స్థానాన్ని భాషే చెబుతుంది. సంపదను 'పాడీ పంటా' అన్నారు. ఇంటి ఆస్తిని 'గొడ్డూ గోదా' అని లెక్కించారు. 'గొడ్డొచ్చిన వేళ, బిడ్డొచ్చిన వేళ' అనే సామెత ఇంటికి వచ్చిన పశువును, ఇంటికి వచ్చిన కోడలిని ఒకే త్రాసులో తూచింది. ఇంటి కలిమిలేములు వాళ్లు అడుగుపెట్టిన వేళను బట్టి ఉంటాయన్నది దాని తాత్పర్యం. అటువంటి ఇంట్లో ఎద్దు జబ్బుపడితే ఆర్థికనష్టంతో పాటు ఆ ఇంటికి 'వేళ బాగాలేదు' అన్న మాట కూడా వస్తుంది. దొమ్మ, జబ్బవాపు, గురకవ్యాధి, గాలికుంటు వంటి పేర్లను గమనిస్తే రైతులు రోగాలను లక్షణాలను బట్టి వేరువేరుగా గుర్తించారని తెలుస్తుంది. వాపు ఎక్కడ వచ్చింది, శ్వాస ఎలా ఉంది, గిట్టల్లో పుండ్లు ఉన్నాయా అన్న పరిశీలన ఆ పేర్లలోనే నిక్షిప్తమై ఉంది. కాబట్టి రోగాన్ని గుర్తించలేకపోవడం వల్లనే రైతు చెప్పలేదన్న వాదన నిలవదు. గుర్తించిన దాన్ని ఎవరికి చెప్పాడు, ఎవరికి చెప్పలేదు అన్న ప్రశ్న నుంచి పరిశీలన మొదలుకావాలి.

2. 1866: రెండు చట్టాలు

పశువులను మందలు మందలుగా తుడిచిపెట్టిన రిండర్‌పెస్టు 1865 వేసవిలో ఇంగ్లండులో ప్రవేశించింది. బాల్టిక్ తీరంలోని రెవెల్ రేవు నుంచి హల్ రేవుకు దిగుమతి అయిన పశువులతో అది వచ్చిందని గుర్తించారు. మొదట్లో ప్రభుత్వం రోగం సోకిన పశువులను చంపే అధికారాన్ని తనిఖీదారులకు ఇచ్చింది, కాని యజమానులకు పరిహారం ఇవ్వలేదు. ఫలితంగా పశుపోషకులు రోగాన్ని దాచారు, జబ్బుపడిన పశువులను తొందరపడి అమ్మివేశారు. రోగం మరింత వ్యాపించింది. 1866 ఫిబ్రవరిలో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. రోగం సోకిన పశువును చంపితే దాని విలువలో సగం, దానితో కలిసి ఉన్న ఆరోగ్యవంతమైన పశువును చంపితే విలువలో మూడువంతులు గరిష్ఠ పరిమితులకు లోబడి చెల్లించాలని అందులో నిర్దేశించారు. 1867 నాటికి ఇంగ్లండులో ఆ రోగం అంతమైంది.

ఇంగ్లండుకు ఈ పాఠం కొత్తది కాదు. 1714లో లండను పరిసరాల్లో పశుమారి వచ్చినప్పుడు రాజవైద్యుడు థామస్ బేట్స్ రోగగ్రస్తమైన ఆవుకు 40 షిల్లింగుల చొప్పున చెల్లించి దానిని నాశనం చేయించాలని సూచించాడు. పశుపోషకుడు తానై వచ్చి చెప్పడానికి ఒక కారణం ఉండాలన్న గ్రహింపు ఆ సూచనలో ఉంది. ఆ దఫా రోగం కొద్ది నెలల్లోనే సమసిపోయింది.

అదే 1866లో మద్రాసు ప్రభుత్వం కూడా పశువ్యాధుల వ్యాప్తిని అరికట్టడానికి చట్టం చేసింది. 1866 నాటి రెండవ చట్టంగా నమోదైన ఇది భారతదేశంలో ఈ విషయంపై వచ్చిన తొలి చట్టాల్లో ఒకటి. తనిఖీ, వేరుపరచడం, రాకపోకల నియంత్రణ అనే ఆలోచనాధార రెండు దేశాల చట్టాలకూ ఉమ్మడిది. పరిస్థితులు మాత్రం ఒకటి కావు. ఇంగ్లండులో పశువు ప్రధానంగా మాంసానికి, పాలకు ఉద్దేశించిన సరుకు. దానికి సంతధర ఉంది, ఆ ధరలో కొంత భాగం చెల్లిస్తే లెక్క సరిపోతుంది. గోదావరి, కృష్ణా, నెల్లూరు, కడప, బళ్లారి జిల్లాల రైతుకు ఎద్దు సేద్యసాధనం. తొలకరిలో ఒక ఎద్దు లేకపోతే రెండో ఎద్దు ఉన్నా అరక సాగదు, ఆ ఏటి పంట పోతుంది. దాని విలువను సంతధరతో కొలవడం సాధ్యం కాదు.

1871లో నివేదిక సమర్పించిన హాలెన్ కమిషన్ దేశమంతటా పశుమారుల తీరును పరిశీలించింది. ఇంగ్లండులో వలె పశువులను చంపించే పద్ధతి హిందువుల మతభావాల దృష్ట్యా ఈ దేశంలో అమలు చేయడం కష్టమని, రోగగ్రస్తమైన పశువులను వేరుపరచడమే మార్గమని ఆనాటి అధికారులు భావించారు. ఈ నిర్ణయంతో ఒక విచిత్రస్థితి ఏర్పడింది. ప్రభుత్వం రైతు నుంచి సమాచారం కోరింది. ప్రతిగా ఇవ్వడానికి దాని దగ్గర మందు లేదు, పరిహారపు ఏర్పాటూ లేదు. మందను వేరుపరచడం, సంతలను ఆపడం, బండ్ల రాకపోకలను నియంత్రించడం మాత్రమే దాని చేతిలో ఉన్నాయి. చెప్పినవాడికి దక్కేది ఈ ఆంక్షలే.

3. సమాచారం నడిచే దారి

రైతు చెప్పిన మాట ఏ దారిలో ప్రయాణిస్తుందన్నది కూడా ముఖ్యమే. మద్రాసు ప్రెసిడెన్సీ గ్రామంలో ప్రభుత్వానికి కన్ను, చెవి గ్రామోద్యోగులే. మునసబు, కరణం, తలారి, వెట్టి అనే ఈ వరుస నుంచి సమాచారం తహసీల్దారుకు, అక్కడి నుంచి కలెక్టరుకు చేరుతుంది. శిస్తు వసూలు కూడా ఈ దారిలోనే సాగింది. 1866 చట్టానికి పదకొండేళ్ల ముందు, 1855లో, మద్రాసు ప్రెసిడెన్సీలో రైతులను హింసించి శిస్తు వసూలు చేస్తున్నారన్న ఆరోపణలపై విచారణ జరిపిన కమిషన్ తన నివేదికను సమర్పించింది. శిస్తు వసూలులో శారీరక హింస వాడుకలో ఉన్న మాట నిజమేనని ఆ నివేదిక అంగీకరించింది. ఏ చేతులు శిస్తు కోసం రైతు మెడ వంచాయో ఆ చేతులకే పశువు జబ్బు గురించి చెప్పుకోవలసి రావడం ఆనాటి రైతు పరిస్థితి.

దీనికి తోడు అధికారి మకాం అంటే గ్రామానికి ఖర్చు. గడ్డి, కట్టెలు, పాలు, కోళ్లు, మోతకూలీలు సమకూర్చవలసిన భారం ఊరిమీద పడేది. ఆ భారంలో పెద్దభాగం వెట్టి రూపంలో అట్టడుగు కులాల భుజాలమీదికి చేరేది. ఒక రైతు తన కొట్టంలో జబ్బుపడిన ఎద్దు గురించి చెప్పడమంటే ఊరంతటి నెత్తిన మకాం ఖర్చు తెచ్చిపెట్టడమే. అందువల్ల రైతు సంకోచాన్ని వ్యక్తిగత భయంగా మాత్రమే చూడడం సరికాదు. అందులో ఇరుగుపొరుగుల ఒత్తిడి కూడా ఉంది. సంత ఆగితే అందరి అమ్మకాలూ ఆగుతాయి. బండ్లు ఆగితే బాడుగ మీద బతికేవాడి పొయ్యి ఆరుతుంది. నిజం చెప్పినవాడు ఊరికి కీడు చేసినవాడిగా నిలబడవలసి వస్తుంది.

4. ఊరి చాటింపు, సర్కారు సమాచారం

రోగం వచ్చిందన్న విషయాన్ని తెలుగు గ్రామం ఎన్నడూ పూర్తిగా దాచలేదు. తన దేవత ముందు దానిని బాహాటంగా ప్రకటించింది. పశువులకు మారి తగిలినప్పుడు పోలేరమ్మ వంటి గ్రామదేవతలకు కొలువు చేయడం, దున్నపోతును బలి ఇవ్వడం, రక్తం కలిపిన అన్నాన్ని ఊరి పొలిమేర చుట్టూ 'పొలి' చల్లడం తెలుగునాట విస్తృతంగా ఉన్న ఆచారం. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ 1916లో ప్రచురించిన దక్షిణభారత గ్రామదేవతల గ్రంథం తెలుగు జిల్లాల కొలువులను, మారిరోగాలతో వాటికి ఉన్న సంబంధాన్ని వివరంగా నమోదు చేసింది.

ఈ ఆచారాన్ని మూఢవిశ్వాసంగా కొట్టివేస్తే దానిలోని సమాచారవ్యవస్థ కనిపించకుండా పోతుంది. కొలువుకు ముందు డప్పుతో చాటింపు వేస్తారు. ఖర్చుకు ఇంటింటా చందా వసూలు చేస్తారు. కొలువు ముగిసేదాకా ఊరి కట్టడి అమలులో ఉంటుంది. బయటివారు లోపలికి, లోపలివారు బయటికి పోరాదన్న నియమం పాటిస్తారు. రోగం వచ్చిందని అందరికీ తెలపడం, భారాన్ని అందరూ పంచుకోవడం, కొంతకాలం రాకపోకలు ఆపడం అనే మూడు అంశాలు ఇందులో ఉన్నాయి. బలి వల్ల రోగం నయం కాదన్నది నిజమే. కొలువుకు జనం గుమికూడడం వల్ల అంటు పెరిగే అవకాశమూ ఉంది. అయినా సామాజికంగా చూసినప్పుడు ఈ ప్రకటన ఏ ఒక్క ఇంటినీ వేలెత్తి చూపలేదు. రోగం దేవత ఆగ్రహం వల్ల ఊరికి వచ్చింది, ఊరే దానికి జవాబుదారీ. సర్కారు కోరిన సమాచారం ఇందుకు పూర్తిగా భిన్నం. ఎవరి పశువు, ఎప్పుడు జబ్బుపడింది, ఎక్కడి నుంచి తోలుకొచ్చారు అన్న ప్రశ్నలు ఒక వ్యక్తిని నిలబెట్టి అడిగేవి. ఊరి ఆపదగా ఉన్నది ఆ ప్రశ్నలతో ఒక రైతు తప్పుగా మారింది. గ్రామంలో గొంతెత్తి చాటిన మాట కచేరీలో మౌనంగా మారడానికి ఈ మార్పు ప్రధాన కారణం.

5. చచ్చిన గొడ్డు ఎవరిది?

పశువ్యాధుల సమాచారం అనగానే పశుయజమాని ఒక్కడే గుర్తుకు వస్తాడు. అయితే రోగం జాడ యజమానికన్నా స్పష్టంగా తెలిసినవారు గ్రామంలో మరొకరు ఉన్నారు. చచ్చిన పశువును తొలగించే బాధ్యత, దాని తోలుమీద హక్కు ఆచారం ప్రకారం మాదిగలవి. ఆ తోలుతోనే మోటబావుల తొండాలు, చెప్పులు, కాడికి వారులు తయారయ్యేవి. ఏ ఇంట ఎన్ని గొడ్లు చచ్చాయి, కోసినప్పుడు లోపల పేగులు, కాలేయం ఎలా కనిపించాయి అన్నది వారికి ప్రత్యక్షంగా తెలుసు. నేటి పరిభాషలో చెప్పాలంటే గ్రామంలో శవపరీక్ష జ్ఞానం వారి దగ్గర ఉంది.

ఆ జ్ఞానం దస్తావేజులకు ఎక్కకపోవడానికి రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది జీవనోపాధి. అంటురోగంతో చచ్చిన పశువును లోతుగా పాతిపెట్టాలి, తోలు ఎవరికీ పనికిరాకుండా గాట్లు పెట్టాలి అన్నది ఆనాటి పశువైద్య నియమం. రోగనివారణ దృష్ట్యా అది సరైన నియమమే. దాని ఖరీదు మాత్రం తోలుమీద బతికేవారి మీద పడింది. చంపిన పశువుకు పరిహారం గురించి ఆలోచించిన ఇంగ్లండు చట్టాల స్ఫూర్తి కూడా చచ్చిన పశువు తోలుమీద ఆధారపడ్డవాడిని పట్టించుకోలేదు.

రెండవది అనుమానం. 19వ శతాబ్దం మధ్యకాలం నుంచి ఉత్తర భారతదేశంలో, ముఖ్యంగా ఆజంగఢ్ ప్రాంతంలో, తోళ్ల కోసం చమార్లు పశువులకు విషం పెడుతున్నారన్న ఆరోపణలు వలస ప్రభుత్వాన్ని కలవరపెట్టాయి. పశుమరణం పోలీసు వ్యవహారంగా మారింది. రోగంతో చచ్చిన పశువుల విషయంలో కూడా ఒక కులాన్ని నేరస్థులుగా చూసే ధోరణి ప్రబలింది. ఇటువంటి వాతావరణంలో ఫలానా చోట గొడ్లు చస్తున్నాయని మొదట చెప్పినవాడే మొదటి ముద్దాయి అయ్యే ప్రమాదం ఉంది. ఎక్కువగా తెలిసినవాడు తక్కువగా మాట్లాడవలసిన స్థితి కులవ్యవస్థ, పోలీసు వ్యవస్థ కలిసి కల్పించినది.

6. సీరం నుంచి టీకా వరకు

ఈ స్థితి మారడానికి ప్రయోగశాల దోహదం చేసింది. 1889లో పూనాలో ఏర్పడిన ఇంపీరియల్ బ్యాక్టీరియలాజికల్ లేబరేటరీ 1893లో హిమాలయ ప్రాంతంలోని ముక్తేశ్వర్‌కు తరలింది. 1897లో రాబర్ట్ కాక్ అక్కడికి వచ్చి రిండర్‌పెస్టు పరిశోధనలను పరిశీలించాడు. క్రమంగా ఆ సంస్థ రిండర్‌పెస్టు నిరోధక సీరం తయారీకేంద్రంగా మారింది. మద్రాసులో 1903లో పశువైద్య కళాశాల ప్రారంభమైంది. 1932లో రాణీపేటలో సీరం తయారీసంస్థ ఏర్పడడంతో దక్షిణ జిల్లాలకు సరఫరా దగ్గరైంది.

సీరం రాకతో సమాచారానికి విలువ ఏర్పడింది. సీరం ఇచ్చే రక్షణ కొద్దివారాలే నిలుస్తుంది. రోగం కనిపించిన వెంటనే చుట్టుపక్కల పశువులకు ఇస్తేనే ప్రయోజనం. త్వరగా చెప్పిన ఊరు తన మిగిలిన మందను కాపాడుకోగలదు. 'చెబితే పోతుంది' అన్న అనుభవం పక్కన 'చెబితే మిగులుతుంది' అన్న అనుభవం మొదటిసారిగా చేరింది.

అయితే ఈ మార్పు ఒక్కసారిగా జరగలేదు. సీరంతో పాటు సజీవ రోగక్రిమిని కూడా ఎక్కించే పద్ధతి దీర్ఘకాల రక్షణ ఇచ్చినా కొన్ని పశువులు జబ్బుపడేవి, కొన్ని చనిపోయేవి. సూది వేయించాక ఎద్దుకు జ్వరం వస్తే దుక్కి ఆగుతుంది, బర్రె పాలు తగ్గుతాయి. రైతు భయానికి ఈ విధంగా ప్రత్యక్ష కారణాలు ఉన్నాయి. 1920ల చివర ముక్తేశ్వర్‌లో జె. టి. ఎడ్వర్డ్స్ మేకలలో పెంచి బలహీనపరచిన క్రిమితో టీకాను రూపొందించడంతో తక్కువ ఖర్చుతో దీర్ఘరక్షణ సాధ్యమైంది. 1940లో మద్రాసు ప్రెసిడెన్సీ రిండర్‌పెస్టు కోసమే ప్రత్యేక చట్టం చేసింది. 1866 చట్టం వెనుక నివారణౌషధం లేదు. 1940 చట్టం వెనుక టీకా ఉంది. రెండు చట్టాల మధ్య రైతు స్వభావం మారలేదు, చట్టం చేతిలో ఉన్న సాధనం మారింది.

1954లో జాతీయ రిండర్‌పెస్టు నిర్మూలన కార్యక్రమం మొదలైంది. ఐదేళ్లలో దేశంలోని ఆవులు, గేదెలలో 80 శాతానికి టీకాలు వేయడం దాని లక్ష్యం. రోగం బాగా తగ్గినా అంతం కాలేదు. చివరిదశలో నిర్మూలన పథకం రైతు వచ్చి చెబుతాడని ఎదురుచూడడం మానింది. పశువైద్య సిబ్బందే గ్రామాలకు, పశువులు నడిచే దారులకు వెళ్లి వెతికే పద్ధతిని చేపట్టింది. మశూచి నిర్మూలన చివరి దశలోనూ ఇదే జరిగింది. ఇంటింటి గాలింపుతో పాటు 1975 నాటికి కేసు తెలిపినవారికి 1000 రూపాయల బహుమతి ప్రకటించారు. సమాచారం ఇవ్వడాన్ని నేరాంగీకారంగా కాక సేవగా గుర్తించిన సందర్భం అది. భారతదేశంలో చివరి రిండర్‌పెస్టు కేసులు 1995లో తమిళనాడులో నమోదయ్యాయి. 2006లో దేశం రిండర్‌పెస్టు రహితంగా గుర్తింపు పొందింది. 2011లో ప్రపంచమంతటా ఆ రోగం నిర్మూలనమైందని ప్రకటించారు.

7. దేశాల సంకోచం

రైతు సంకోచాన్ని పల్లెటూరి స్వభావంగా భావించేవారికి అంతర్జాతీయ చరిత్ర ఒక సమాధానం ఇస్తుంది. 1920లో భారతదేశం నుంచి బ్రెజిల్‌కు వెళ్తున్న మూపురం పశువులు బెల్జియంలోని ఆంట్‌వర్ప్ రేవులో ఆగినప్పుడు అక్కడ రిండర్‌పెస్టు పొడసూపింది. నెల్లూరు పేరు మీద 'నెలోర్'గా పిలిచే జాతి నేటికీ బ్రెజిల్ పశుసంపదలో ప్రధానమైనది. భారతీయ పశువుల మీద ఆ దేశానికి ఉన్న ఆసక్తికి ఇది గుర్తు. ఆంట్‌వర్ప్ ఘటన యూరపును కలవరపెట్టింది. ఫలితంగా 1924 జనవరి 25న 28 దేశాలు పారిస్‌లో ఒప్పందం చేసుకుని అంతర్జాతీయ పశువ్యాధుల కార్యాలయాన్ని స్థాపించాయి. అంతకుముందు రోగం లేని ప్రాంతంలో రిండర్‌పెస్టు, గాలికుంటు తొలికేసులు కనిపిస్తే వెంటనే తంతి ద్వారా తెలపాలన్నది సభ్యదేశాల బాధ్యతల్లో ఒకటి.

ఇటువంటి నిబంధనను ఒప్పందంలో రాసుకోవలసి రావడమే ఒక సాక్ష్యం. రోగం ఉందని ప్రకటించిన దేశం నుంచి పశువులు, మాంసం, తోళ్లు కొనడం మిగతా దేశాలు ఆపివేస్తాయి. సంత ఆగుతుందని ఊరు భయపడినట్లే ఎగుమతి ఆగుతుందని దేశమూ భయపడుతుంది. నష్టం తన ఒక్కడిదే అవుతుందని తెలిసినప్పుడు వెనుకాడడం చదువుతోనూ, హోదాతోనూ పోయే లక్షణం కాదు.

8. వర్తమాన చట్టం - పాత ప్రశ్న

2009లో పార్లమెంటు చేసిన పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం నిర్దేశిత వ్యాధి సోకిందని అనుమానించిన యజమాని ఆ విషయాన్ని గ్రామాధికారికి గానీ పంచాయతీ బాధ్యుడికి గానీ తెలపాలని నిర్దేశించింది. వారి నుంచి సమాచారం పశువైద్యుడికి చేరుతుంది. మునసబు, కరణం వ్యవస్థలు రద్దయినా సమాచారం నడిచే దారి రూపురేఖలు పెద్దగా మారలేదన్నది గమనార్హం.

కోళ్ల పరిశ్రమలో పాత ప్రశ్న కొత్త రూపంలో తిరిగి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఉభయగోదావరి ప్రాంతంలోని కానూరు, వేల్పూరు గ్రామాల్లో బర్డ్‌ఫ్లూ నిర్ధారణ అయింది. నిర్ధారణ అయిన ఫారం చుట్టూ ఒక కిలోమీటరు వరకు రోగగ్రస్త ప్రాంతంగా, పది కిలోమీటర్ల వరకు నిఘా ప్రాంతంగా ప్రకటించడం అమలులో ఉన్న విధానం. పరిహారం ప్రభుత్వం చంపించిన కోళ్లకు, నాశనం చేయించిన గుడ్లకు, దాణాకు వర్తిస్తుంది. అప్పటికే రోగంతో చచ్చిన కోళ్లకు వర్తించదు. ఆలస్యం చేయకుండా చెప్పేవాడికి మేలు చేయాలన్నది ఈ నియమం వెనుక ఆలోచన. పది కిలోమీటర్ల పరిధిలోని మిగతా ఫారాలకు అమ్మకాలు ఆగడం వల్ల, ధర పడిపోవడం వల్ల కలిగే నష్టం ఈ లెక్కలోకి రాదు. సమాచారం ఇచ్చిన రైతు తన కోళ్లకు పరిహారం పొందగలడు గానీ, పొరుగు రైతుల ముఖాలు చూడగలగడం వేరే సంగతి. 1866 నాటి గ్రామంలో సంత ఆగుతుందని వెనుకాడిన రైతుకూ, నేటి ఫారం యజమానికీ మధ్య ఈ విషయంలో దూరం తక్కువ.

9. ముగింపు

పై పరిశీలన వల్ల కొన్ని అంశాలు స్పష్టమవుతున్నాయి. తెలుగు రైతుకు రోగాన్ని గుర్తించే జ్ఞానం ఉంది, దానికి పదజాలమూ ఉంది. రోగాన్ని ప్రకటించే సంప్రదాయం గ్రామంలో ఉంది, కాని అది ఊరంతా భారాన్ని పంచుకునే ప్రకటన. వలసపాలన దానిని ఒక వ్యక్తి నుంచి రాబట్టే సమాచారంగా మార్చింది. ఆ సమాచారాన్ని శిస్తు వసూలు చేసిన యంత్రాంగానికే అప్పగించింది. తోలుమీద బతికిన కులాల జ్ఞానాన్ని అనుమానంగా చూసింది. చెప్పినవాడికి ఇవ్వడానికి సీరం, టీకా వచ్చిన తర్వాతే పరిస్థితి మారసాగింది. అందువల్ల రైతు సంకోచం పాలనావ్యవస్థ పనితీరుకు కొలమానంగా ఉపయోగపడుతుంది. రైతు చెప్పలేదని నమోదు చేసిన ప్రతి దస్తావేజును, చెబితే ఆ రైతుకు ఏం జరిగేది అన్న ప్రశ్నతో తిరిగి చదవవలసి ఉంది. జిల్లా దస్తావేజులు, గ్రామోద్యోగుల రికార్డులు, గ్రామదేవతల కొలువుల మౌఖిక కథనాలు కలిపి పరిశీలిస్తే తెలుగు ప్రాంతపు పశువైద్య చరిత్ర రైతు వైపు నుంచి, చచ్చిన గొడ్డును మోసినవారి వైపు నుంచి రూపుదిద్దుకుంటుంది.